బావ గిటార్‌కు నేను చేసిన శ్రుతి

జమ్మికుంటలో మా చిన్నాయన బిడ్డ పెండ్లి నాడు మా బావ తాగి లేడు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. చెప్పవలసిన వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్లలో సగం మందికి వినపడదు. అయినా ఆ పెండ్లికి వచ్చి, పప్పు బాగుంది గానీ మా బావ వాయిద్యమే బాగాలేదని చెప్పుకుంటూ ఇంటికి పోయిన వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ మాట సరిదిద్దుకోండి. ఆయన ఆ రోజు పొద్దున్నుంచి తాగినవి రెండు చాయ్‌లు, ఒక గోలీ సోడా. సోడా తెచ్చి ఇచ్చింది నేనే. ఆ తర్వాత జరిగినదానికి కారణమూ నేనే. ఇన్నేళ్లూ సోడా సంగతి మాత్రమే చెప్పుకుంటూ వచ్చాను.

మేం పెరిగిన కాలంలో మా చుట్టాలు మగవాళ్లను రెండు రకాలుగా విడదీసేవారు: తాగుతారని తెలిసినవాళ్లు, తాగుతారని ఇంకా తెలియనివాళ్లు. మూడో రకం ఉంటుందని ఎవరూ అనుకునేవారు కాదు. భజన తాళాలు తప్ప ఏ వాయిద్యం చేతబట్టినా ఆ మనిషిని విచారణ లేకుండా మొదటి రకంలో వేసేసేవారు. మా బావ చేతిలో ఉన్నది గిటార్. అదీ సినిమాల్లో హీరో మెడకు వేలాడదీసుకునే గిటార్ కాదు. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచేతి వేళ్లకు రేకు గోళ్లు తొడుక్కుని మీటుతూ, ఎడమచేత్తో తీగల మీద ఉక్కు కడ్డీని జారుస్తూ వాయించే హవాయన్ గిటార్. ("సంటిపోరన్ని పండవెట్టినట్టు పండవెట్టుకున్నడు, జోకొడుతుండా ఏంది?" అన్నది మా నాయనమ్మ మొదటిసారి చూసి.) తీగ మీద కడ్డీ జారుతుంటే పాట మనిషి గొంతులాగా సాగేది. మాట ఉండదు, కానీ మాట వినపడ్డట్టే ఉండేది.

మా అక్కను చేసుకున్న ఈ బావకు మెట్‌పల్లిలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే దుకాణం ఉండేది. దుబాయి, మస్కట్ పోయినవాళ్లు భుజాన మోసుకొచ్చిన పెద్దపెద్ద టేప్‌రికార్డర్లు రెండు వానాకాలాలు దాటగానే ఆయన బల్ల మీదికి చేరేవి. పనిలో గట్టివాడే. కానీ పనికంటే తన జుట్టు మీద, జుట్టుకంటే తన గిటార్ మీద ఎక్కువ నమ్మకం ఉన్న మనిషి. చొక్కా జేబులో దువ్వెన లేకుండా ఆయన్ను నేను చూడలేదు. వాయించే ముందు ఒకసారి, వాయించాక ఒకసారి దువ్వుకునేవాడు. "మెట్‌పల్లి నుంచి ఆదిలాబాద్ దాక నా లెక్క వాయించేటోడు ఉంటే తోలుకరా బామ్మర్దీ, ఆయన సంచి నేను మోస్త" అనేవాడు. ఎవరినీ తోలుకురాలేకపోయాను. ఎందుకంటే మెట్‌పల్లి నుంచి ఆదిలాబాద్ దాకా ఆ గిటార్ వాయించే ఇంకో మనిషే నాకు కనబడలేదు.

ఆయనకు నేర్పినాయన ఆదిలాబాద్‌లో ఒక డ్రాయింగు సారు, అప్పటికే కాలం చేశాడు. సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడేవాడట. నేర్పింది కూడా చాలా పాత పద్ధతి. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఆరు తీగలనూ ప, స, ప, స, గ, ప అని శ్రుతి చేసుకోవాలి. ఆరు తీగలు, మూడే స్వరాలు. ఉత్త తీగలను ఒక్కసారి మీటితే ఆరుగురు మనుషులు ఒకే మాట అన్నట్టు మోగేవి. కడ్డీని అడ్డంగా ఎక్కడ ఆనిస్తే అక్కడ ఆరూ మళ్లీ ఒకటయ్యేవి. (ఇదంతా ఇప్పుడు తెలుసు. అప్పుడే తెలిసుంటే ఇది రాసే పని ఉండేది కాదు.) అప్పటికే కరీంనగర్ ఆర్కెస్ట్రాల్లో ఉన్న ఒకరిద్దరు కొత్త రకం శ్రుతులకు మారిపోయారు. "ఏ కాలంల ఉన్నవే అన్నా, మార్చు. అన్ని పాటలు అందుతయ్" అని బావకు నచ్చజెప్పేవారు. "నాకు అన్ని పాటలెందుకు? వచ్చిన పాట సక్కగ వస్తె సాలు" అనేవాడు బావ. సారు పెట్టిన ఇంకో నియమం కూడా ఆయన తప్పేవాడు కాదు. శ్రుతి చేసుకోవడమంతా లోపలి గదిలో, చెక్కకు చెవి ఆనించి చేసుకోవాలి. తర్వాత గిటార్ మీద శాలువా కప్పాలి. మళ్లీ జనం ముందు కూర్చుని పాట ఎత్తుకునేదాకా ఒక్క తీగ కూడా ముట్టకూడదు. "సభల పడ్డ మొదటి సప్పుడే పాట గావాలె. కూరగాయలు గిల్లి సూసినట్టు జనం ముంగట టింగుటింగుమనొద్దు" అని దానికి బావ చెప్పే అర్థం.

ఇక నా సంగతి. కరీంనగర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్‌లో నా గదిలో ఉండేవాడి దగ్గర ఒక మామూలు గిటార్ ఉండేది. వాడు భోజనానికి పోయినప్పుడల్లా నేను సంగీతం నేర్చుకునేవాణ్ణి. పాటలు ఏవీ రాలేదు గానీ శ్రుతి చేయడం మాత్రం పట్టుబడింది. దానికోసం ఆరు రంధ్రాలున్న ఒక చిన్న పీపీ దొరికేది. ఒక్కో రంధ్రంలో ఊదితే మామూలు గిటార్‌లో ఒక్కో తీగకు కావలసిన స్వరం వస్తుంది. దాన్ని కొనుక్కుని, మిగతా పిల్లలు పెన్ను పెట్టుకున్నట్టు చొక్కా జేబుకు కనబడేలా పెట్టుకుని తిరిగేవాణ్ణి. సెలవులకు అక్క దగ్గరికి పోయినప్పుడు బావ అడిగాడు.

"ఏం బామ్మర్దీ, గిటార్ నేర్సుకుంటున్నవట. ఎన్ని పాటలొచ్చినయ్?"

"పాటలింకా రాలే బావా. ట్యూనింగ్ వచ్చింది."

"అంటె వంట రాలే, పొయ్యి ముట్టియ్య వస్తది, గంతే గదా?"

అక్క నవ్వింది. దుకాణంలో రేడియో కోసం కూర్చున్న ముసలాయన కూడా నవ్వాడు. పందొమ్మిదేళ్ల వయసులో ఇలాంటి నవ్వులు మనిషి లోపల చాలా దూరం పోతాయి.

మా బాపుకు హుస్నాబాద్ దగ్గర వ్యవసాయం. అల్లుణ్ణి "రేడియో" అనేవాడు. "రేడియో వచ్చిండా? బువ్వ తిన్నడా?" అంతవరకే మాటలు. గిటార్ పేరెత్తితే తువ్వాల దులుపుకుని లేచిపోయేవాడు. బావ ఎంత గొప్పలు చెప్పుకున్నా, మామ ముందు ఒక్కసారి వాయించాలని ఆయనకు లోపల ఎంత ఉండేదో అక్కకు తెలుసు. చిన్నాయన బిడ్డ పెండ్లి కుదరగానే అక్క హుస్నాబాద్ వచ్చి రెండు రోజులు కూర్చుంది. చిన్నాయనను ఒప్పించడం సులువే. పత్తి అడ్తి దుకాణం నడిపే మనిషి, పెండ్లిలో ఏదో ఒకటి మోగితే చాలనుకునే రకం. బాపే కష్టం.

"బాపూ, ఒక్కసారి కూసోని ఇను. మంచిగ లేదనిపిస్తె ఇగ జన్మల నిన్ను అడుగ. ఆయన్నూ ముట్టనియ్య."

"పదిమందిల నా ఇజ్జత్ తీస్తడు బిడ్డా."

"తియ్యడు. నాది జిమ్మ."

బిడ్డ పూచీ పడేసరికి బాపు చేతిలోని చుట్టను వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చివరికి "సరె తీ. ముంగటనే కూసుంట" అన్నాడు. అక్క మొహం ఆ రోజు ఎట్లా వెలిగిందో రాయబోయి ఇప్పటికి రెండుసార్లు కొట్టేశాను.

పెండ్లి జమ్మికుంట పత్తి మార్కెట్‌కు కొంచెం అవతల, ఖాళీ జాగాలో వేసిన షామియానా కింద. అది పత్తి వచ్చే కాలం. బండ్లు రోడ్డు పొడవునా నిలబడి ఉన్నాయి. గాలికి దూది ఎగిరి వచ్చి పెద్దమనుషుల మీసాల మీద, పెండ్లికొడుకు బాసింగం మీద, పెరుగు గిన్నెల మీద వాలుతోంది. బావ పొద్దున్నే వచ్చి, పక్కన ఉన్న గోదాములో ఒక చిన్న గది తీసుకుని, తలుపేసుకుని శ్రుతి చేసుకుని, గిటార్‌ను బస్తాల మీద పడుకోబెట్టి శాలువా కప్పి, దువ్వుకుంటూ బయటికి వచ్చాడు. "అయిపోయింది. ఇగ ఒక గోలీ సోడ తెప్పియ్యి" అన్నాడు. తెచ్చాను. అప్పుడే మైకు వాడు ఏదో వైరు కావాలంటే, గదిలో ఉంది తెమ్మని బావ నన్నే పంపాడు.

వైరు దొరికింది. దాన్ని తీసుకుని వచ్చేస్తే మా కుటుంబ చరిత్ర వేరుగా ఉండేది. కానీ బస్తాల మీద శాలువా కింద గిటార్ ఉంది, నా జేబులో పీపీ ఉంది, గదిలో ఎవరూ లేరు. శాలువా ఎత్తి, ఒక్కో తీగ మీటుతూ పీపీతో సరిచూశాను. అన్నిటికంటే సన్నదైన మొదటి తీగ సరిగ్గా ఉంది. రెండోది లేదు. మూడోది లేదు. నాలుగోది లేదు. ఐదూ ఆరూ మళ్లీ సరిగ్గా ఉన్నాయి. పాపం బావ, మామ ముందు వాయించాలన్న పరేషాన్‌లో మూడు తీగలు ఎక్కువ బిగించేసినట్టున్నాడు అనుకున్నాను. మూడూ ఒకే కొలతలో ఎక్కువ బిగించి ఉన్నాయి. పొరపాటయితే మూడూ అంత చక్కగా ఒకే తీరుగా ఎట్లా పొరపడతాయని అడగవలసిన బుర్ర ఆ సమయంలో వేరే పనిలో ఉంది. సభ అయిపోయాక బావ అందరి ముందూ "ఇయ్యాల తీగలు గింత మంచిగ పలికినయేంది?" అని ఆశ్చర్యపోవడం, నేను నెమ్మదిగా జేబులోంచి పీపీ తీయడం, అక్క గర్వంగా చూడడం, ఇదంతా దాంట్లో నడుస్తోంది. నవ్విన ఆ ముసలాయన్ను కూడా ఊహలోనే మెట్‌పల్లి నుంచి పిలిపించుకుని ముందు వరసలో కూర్చోబెట్టుకున్నాను. రెండు, మూడు, నాలుగు తీగలను జాగ్రత్తగా వదులు చేసి, పీపీ చెప్పిన చోట నిలిపి, శాలువాను మళ్లీ అదే మడతతో కప్పి బయటికి వచ్చాను. ఆ జాగ్రత్త నేను చదువులో ఎప్పుడూ చూపించలేదు.

బావ వేదిక మీద కుర్చీలో కూర్చుని గిటార్ ఒళ్లో పెట్టుకున్నాడు. దువ్వుకున్నాడు. బాపు మాట ప్రకారం ముందు వరసలో, చేతులు కుర్చీ మీద పెట్టి, పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు. బావ సారుకు మనసులో దండం పెట్టుకుని, ఒక్క తీగ కూడా పరీక్షించకుండా, నేరుగా పాట ఎత్తుకున్నాడు. అప్పట్లో ప్రతి ఇంట్లో మోగే సినిమా పాటే. మొదటి వరస మొత్తం మొదటి తీగ మీద నడిచింది. ఆ తీగను నేను ముట్టలేదు కదా, తేనెలా పలికింది. మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు ఆగారు. బాపు కుడిచేతి వేలు కుర్చీ చెక్క మీద చిన్నగా కదిలింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. దూరంగా నిలబడ్డ అక్క ఆ వేలినే చూస్తోంది. నేనూ చూశాను.

రెండో వరసలో పాట కిందికి దిగాలి. బావ కడ్డీ రెండో తీగ మీదికి వచ్చింది. ఎవరో పిల్లి తోక తొక్కారు. బావ కనుబొమ్మలు పైకి లేచాయి. చేతి తప్పనుకుని మళ్లీ అదే చోటికి వచ్చాడు. మళ్లీ అదే పిల్లి. ఇక అలవాటు కొద్దీ, తప్పును కప్పేయడానికి కడ్డీని అడ్డంగా ఆనించి ఆరు తీగలనూ ఒక్కసారి దున్నాడు. లౌడ్‌స్పీకర్లలోంచి వచ్చిన చప్పుడుకు వెనక వంటలు చేస్తున్నాయన ఏ గంగాళం పడిందోనని గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు. (ఇది కల్పన కాదు. ఆయన వేదిక దాకా వచ్చి, అన్నీ బాగానే ఉన్నాయని చూసుకుని పోయాడు.) బావ వంగి తీగలు బిగించే బిరడాలు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే పెండ్లికొడుకు తరఫు వాళ్లెవరో దిగారని బయట బ్యాండు మొదలైంది. ఏ తీగ ఏం పలుకుతుందో వినపడదు. కంగారులో బాగున్న మొదటి తీగనే బిగించాడు. అది ఠంగుమని తెగింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో "పొద్దుగాలనే ఏసిండా ఏంది?" అన్నారు. బావ లేచి నిలబడి "నేను తాగలే మామా" అన్నాడు బాపుతో. మా వైపు ఆ మాట అన్నవాడికి ఇక సాక్షులు అక్కర్లేదు. బాపు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చాలా మెల్లగా, జాలిగా "జర ఎక్కువైనట్టున్నది. తీస్కపోయి పండవెట్టుర్రి" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు బావను చెరో రెక్క పట్టుకుని, నిటారుగా నడిచే మనిషిని తూలేవాణ్ణి నడిపించినట్టు నడిపించారు. బాపు నావైపు తిరిగాడు.

"నువ్వు కరీంనగర్‌ల నేర్సుకునేది గిదేనారా?"

"కాదు బాపూ. బావది వేరే, నాది వేరే" అన్నాను.

నా జీవితంలో అంత నిజమైన మాట, అంత నీచంగా ఎప్పుడూ అనలేదు. నా పీపీ మామూలు గిటార్‌ది, బావ శ్రుతి వేరని నాకు రెండో తీగ దగ్గరే అర్థమైంది. నోరు తెరవడానికి ఒక్క క్షణం దొరికింది, ఆ క్షణంలో ఈ మాట వచ్చింది. సాయంత్రం కరీంనగర్ బస్సు మానేరు వంతెన మీదికి రాగానే కిటికీలోంచి పీపీని ఏట్లోకి విసిరాను. సినిమాల్లో అయితే అది నీళ్లలో పడి మునుగుతుంది. నాది ఇసుకలో పడింది. అక్కడ నీళ్లు లేవు.

బావ గిటార్‌ను సజ్జ మీదికి ఎక్కించాడు. మా వాళ్ల ఎవరి ముందూ మళ్లీ వాయించలేదు. దుకాణంలో టేప్‌రికార్డర్లు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి, జుట్టు పోయింది, దువ్వెన మాత్రం చాలాకాలం జేబులోనే ఉంది. హుస్నాబాద్ వచ్చినప్పుడల్లా బాపు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆప్యాయంగా దగ్గరికి తీసుకునేవాడు. అది వాసన చూడడానికని బావకు తెలుసు, నాకు తెలుసు. చెబుదామని నేను అనుకోని ఏడాది లేదు. ఒకసారి కరీంనగర్ బస్టాండులో బావ ఎదురుపడితే "బావా, నీకొక మాట చెప్పాలె" అని మొదలుపెట్టాను. ఆయన ఎక్కవలసిన జగిత్యాల బస్సు వచ్చింది. ఆ బస్సుకు నేను ఎంత కృతజ్ఞత చెప్పుకున్నానో! బాపు మంచం పట్టినప్పుడు, బావ ఆదివారం ఆదివారం వచ్చి ఆయనకు గడ్డం గీసి, దిండు పక్కన రేడియో సరిచేసి పెట్టి పోయేవాడు. ఒకసారి ఆయన వెళ్లిపోయాక బాపు "మంచోడే. గా ఒక్క అలవాటు లేకుంటె" అన్నాడు. నేను మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాను. "బాపూ" అన్నాను. "ఏందిరా?" అన్నాడు. "మందులేసుకున్నవా?" అని అడిగాను. వేసుకున్నానన్నాడు. ఆ చలికాలం దాటకుండానే పోయాడు. ఆ ఒక్క తప్పు నేనింక దిద్దలేను.

పోయిన ఏడాది మెట్‌పల్లిలో అక్కావాళ్ల మనుమరాలిని తొట్టెలలో వేసే ఫంక్షన్. ముందుగా పోయి ఇల్లు సర్దడంలో సాయం చేస్తున్నాను. స్టూలెక్కి సజ్జ మీద సామానంతా ఒక్కొక్కటే అందిస్తుంటే అక్క అందుకుని దులుపుతోంది. గుడ్డలో చుట్టిన గిటార్ చేతికి వచ్చేసరికి ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"దాన్ని నేను ముట్ట. మీ బావకియ్యి."

"ఎందుకక్కా?"

కింద కుర్చీలో పేపరు చదువుతున్న బావ తల ఎత్తకుండానే అన్నాడు. "ఒకసారి ముట్టి నా ఇజ్జత్ దీసింది సాలదా? జమ్మికుంటల దూది వడ్డదని బట్టతోని తుడిసింది మీ అక్క. బిరడలు తిరిగిపోయినయ్. నేను తాగినోన్ని అయిన."

వాళ్లిద్దరి మధ్య అది పాతబడిన మాట అని అన్న తీరులోనే తెలుస్తోంది. నాకు మాత్రం అదే మొదటిసారి వినడం. అక్క నవ్వలేదు.

"తుడిసిన మాట నిజమే తమ్మీ. బిరడలు ముట్టిన్నో లేదో నాకే యాదికి లేదు. గిన్నేండ్లు ఈయన అనంగ అనంగ, ముట్టిన్నేమో అనే అనుకుంటున్న."

నేను స్టూలు మీద, చేతుల్లో గిటార్‌తో నిలబడి ఉన్నాను. ఇక్కడికి ఏ బస్సూ రాదు.

"అక్క కాదు బావా. నేను తిప్పిన" అన్నాను.

"ఏంది తిప్పినవ్?"

"తీగలు. నువ్వు సోడ తాగుతున్నప్పుడు. నా పీపీ పెట్టి సూస్తె తప్పుగున్నయ్ అనిపించింది. సరిజేద్దామని..."

బావ పేపరు మడిచాడు. ఆయన మొదటి ప్రశ్న నేను ఊహించింది కాదు. "ఏ తీగలు?"

"రెండు, మూడు, నాలుగు. మూడూ వదులు జేసిన."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద ఏదో వెతుకుతున్నట్టు కదిలాయి. "గందుకే మొదటి తీగ మంచిగ వలికింది" అన్నాడు చివరికి. "మూడూ ఒక్క తీరుగ దిగినయ్. బట్ట గంత లెక్కగ తిప్పుతదా అని నాకు అప్పుడే అనిపించింది."

"అనిపిస్తె మరి గిన్నేండ్లు నన్నెందుకన్నవ్?" అంది అక్క.

తప్పు తమ మీదికి వచ్చినప్పుడు మగవాళ్లు చేసే పనే బావ చేశాడు. నామీద పడ్డాడు. "ముందుగాల నువ్వు స్టూలు దిగు. మెల్లగ, గిటార్ పైలం. పొయ్యి ముట్టియ్య వస్తదనుకున్న గని, ఇల్లే ముట్టిస్తవనుకోలే బామ్మర్దీ. నాకు జెప్పుడు గాదు. పదిమందిల పోయింది. పదిమందిల జెప్పాలె."

చెప్పాను. ఫంక్షన్ నాడు, చుట్టాలంతా బగారన్నం ముందు కూర్చున్నప్పుడు మైకు పట్టుకుని, జమ్మికుంట పెండ్లి మొదలుకుని అంతా చెప్పాను. ముప్పై ఏళ్లు మోసిన బరువు కదా, వినగానే అందరూ ఉలిక్కిపడతారనుకున్నాను. సగం మందికి ఆ పెండ్లే గుర్తులేదు. కుర్రాళ్లు హవాయన్ గిటార్ అంటే ఏమిటని ఫోన్లలో వెతకడం మొదలుపెట్టారు. మా పెదబాపు ఒక్కడే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఎవలు, మెట్‌పల్లి అల్లుడా? ఆయిన తాగుతడు గదా?"

"తాగడు పెదబాపూ."

"ఎప్పుడు మానేసిండు?"

"ఎన్నడూ తాగలే."

"మరి గట్లెందుకు వాయించిండు?"

"తీగలు నేను తిప్పిన, పెదబాపూ."

"నువ్వు తాగినవా?"

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో బావ కూడా నవ్వాడు. లోపలి గదిలో తలుపేసుకుని కొత్త తీగలకు పాత శ్రుతే చేసుకుని (ఈసారి తలుపు ముందు నన్నే కాపలా పెట్టాడు) వచ్చి కూర్చుని వాయించాడు. అదే పాట. చెయ్యి అప్పటిది కాదు. కడ్డీ రెండు మూడు చోట్ల వణికింది, ఒకచోట దాటిపోయి వెనక్కి వచ్చింది. అయినా రెండో వరసకు పాట కిందికి దిగినప్పుడు, దిగవలసిన చోటికే దిగింది. కడ్డీ అడ్డంగా ఆనించినప్పుడు ఆరు తీగలూ ఒకే మాట అన్నాయి. తినేవాళ్లు తింటూనే ఉన్నారు. నాకు మాత్రం బాపు అది వినలేదన్న సంగతి తప్ప ఇంకేమీ తోచలేదు.

పని అయిపోయిందనుకుని చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి పోతే, వడ్డించే దగ్గర అక్క గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"మైకుల మీ బావకు జెప్పినవ్. మంచిగున్నది. మరి నాకు?"

నిజమే. ఆమెకు చెప్పలేదు. ముప్పై ఏళ్లు ఆ మాట పడింది ఆమె. బాపు ముందు పూచీ ఉన్నది ఆమె. చేయని తప్పును తానే చేశానేమోనని తన చేతులను తానే నమ్మకుండా బతికింది ఆమె. నేనేమో బావకు చెప్పిన దాంట్లోనే ఈమెకూ చెల్లిపోయిందని లెక్కేసుకున్నాను.

"తప్పైందక్కా" అన్నాను.

"ఇనవడలే. గట్టిగ. గాయనకు గుడ ఇనవడాలె."

బావ అప్పటికి రెండో పాటలో ఉన్నాడు. స్పీకర్లు హోరెత్తుతున్నాయి. యాభై దాటిన మనిషిని, జుట్టుకు రంగు వేసుకుని, రేపో మాపో తాతనవబోతున్నవాణ్ణి, వంట గిన్నెల మధ్య నిలబడి, గొంతు చించుకుని అరిచాను. "అక్క ముట్టలే బావా! బిరడలు అక్క ముట్టనే లేదు! తప్పంత నాదే!"

పాట ఆగింది. అందరూ తిరిగి చూశారు. గిన్నెల చాటున దాక్కోవడానికి పందొమ్మిదేళ్ల వాడొకడు నాలో ఇంకా చోటు వెతుక్కుంటున్నాడు. వాణ్ణి అక్కడే నిలబెట్టి, ఇంక ఎవరూ అడగకపోయినా, అక్క మొహంలోకి చూస్తూ మెల్లగా ఇంకోసారి అన్నాను.

"తప్పైందక్కా. నన్ను మాఫ్ చెయ్యి."